ఇంటిగుట్టుకు పద్దులు: ఫాక్నర్ ‘గో డౌన్, మోజెస్’

అమెరికా దక్షిణాది నవలల్లో కుటుంబ రహస్యం అంటే అటక మీద తాళం వేసిన పెట్టె, మంచాన పడ్డ ముసలమ్మ చివరి మాట, ఎవరో దాచిన ఉత్తరాల కట్ట. ఈ సరంజామాతో విసిగిపోయినవాళ్లు విలియం ఫాక్నర్ ‘గో డౌన్, మోజెస్’ కొనుక్కోవచ్చు. 1942లో వచ్చిన ఈ పుస్తకంలో గుట్టును ఎవరూ పాతిపెట్టలేదు. పత్తి తోట యజమాని నడిపే సరుకుల కొట్టులో, అందరికీ కనబడే అరలో, తోలు అట్టల చిట్టా పుస్తకాల్లో తారీఖు వేసి, డాలర్లలో ఖరీదు కట్టి రాసి పెట్టారు. చదివినవాళ్లు నోరు విప్పలేదు, అంతే. అలా నోరు కట్టుకున్నందుకు ఏ తరం ఎంత చెల్లించింది, ఎవరి బదులు ఎవరు చెల్లించారు అన్న లెక్కే ఈ పుస్తకం.

ముందు ఏ ప్రతి కొనాలో చెప్పాలి. ఈ పుస్తకం విషయంలో అక్కడ పొరబడితే అసలుకే మోసం వస్తుంది. ఇది నవలా, కథల సంపుటా అన్న తగాదా మొదటి రోజు నుంచీ ఉంది. మొదటి ముద్రణలో రాండమ్ హౌస్ వాళ్లు పేరు చివర ‘అండ్ అదర్ స్టోరీస్’ అని తగిలించారు. తను రాసింది నవల అని ఫాక్నర్ పట్టుబట్టాడు. 1949 ముద్రణలో ఆ తోక పోయింది. మొత్తం ఏడు భాగాలు. వేటికవి విడి కథల్లా కనబడతాయి కాబట్టి, పేరుమోసిన ‘ది బేర్’ ఒక్కటి చదివేసి మిగతావి వదిలేసేవాళ్లు చాలామంది. ఆ ‘ది బేర్’కి అయిదు విభాగాలున్నాయి. గుట్టు బయటపడేది నాలుగో విభాగంలో. 1942 మేలో సాటర్డే ఈవినింగ్ పోస్ట్ పత్రికలో వచ్చిన పాఠంలో ఆ విభాగం లేదు. 1955లో వేట కథలను ఒకచోట చేర్చి వేసిన ‘బిగ్ వుడ్స్’లోనూ లేదు. అవి చదివితే మంచి ఎలుగుబంటి వేట కథ దక్కుతుంది, గుట్టు దాగిన మెకాస్లిన్ల ఇల్లు దక్కదు. వింటేజ్ ఇంటర్నేషనల్ పేపర్‌బ్యాక్‌లో పూర్తి పాఠం ఉంది. గట్టి అట్టతో కావాలంటే లైబ్రరీ ఆఫ్ అమెరికా వాళ్లు 1942–1954 నవలలతో వేసిన సంపుటం తీసుకోవచ్చు. దీనితో పాటు ఇంకో మూడు నవలలు వస్తాయి.

ఆడియో పుస్తకం మొదటిసారికి వద్దు. ఆ చిట్టాల్లో స్పెల్లింగులు తప్పులతడకలు. రాసింది బక్, బడ్డీ అనే ఇద్దరన్నదమ్ములు. ఎవరు ఎక్కడ ఆపారు, ఎవరు ఎవరికి జవాబు రాశారు అన్నది పేజీ మీద కళ్లతో చూడాలి. చెవికి ఆ పద్దులన్నీ ఒకే గొంతులో కలిసిపోతాయి.

ఇక వంశవృక్షం. 1936 నాటి ‘అబ్సలోం, అబ్సలోం!’ చివర ఫాక్నరే కాలక్రమం, వంశావళి ఇచ్చాడు. ఇందులో ఇవ్వలేదు. ఎక్కడో తయారుగా దొరికే చెట్టును ముందే చూడకండి, మీరే గీసుకోండి. గుట్టు ఏమిటో ముందే తెలిస్తే పోయేదేమీ లేదు, ఈ సమీక్షలోనూ విప్పే చెబుతున్నాను. ఒక్కో పద్దు పట్టుకుని అది ఎలా తేలుతుందో చూడటంలోనే మజా. ఎవరో గీసిన చెట్టు ఆ పని మీకు లేకుండా చేస్తుంది. కాగితం అడ్డంగా పెట్టి నెత్తిన ఒకే పేరు రాయండి: లూషియస్ క్వింటస్ కరోథర్స్ మెకాస్లిన్, పుట్టుక 1772, చావు 1837. దాని కింద మూడు వరసలు. ఎడమన కొడుకుల వరస: కవలలు బక్, బడ్డీ. బక్ కొడుకు ఐజాక్. అక్కడితో ఆ వరస ఆగిపోతుంది. మధ్యన కూతురి సంతతి: ఇంటిపేరు ఎడ్మండ్స్. ఐజాక్‌ని పెంచిన కాస్, అతని కొడుకు జాక్, జాక్ కొడుకు రాత్. కుడివైపున పెన్సిల్‌తో టోమీస్ టర్ల్ అని రాయండి. కింద అతని ముగ్గురు పిల్లలు: జేమ్స్, ఫోన్సిబా, లూకస్. వీళ్ల ఇంటిపేరు బీచమ్. టోమీస్ టర్ల్ అంటే టోమీ కొడుకు టర్ల్. బానిస కాబట్టి తల్లి పేరుతో పిలుస్తారు, తండ్రెవరన్న ఊసు ఎవరూ ఎత్తరు. అతని నుంచి పైకి వెళ్లే గీత కోసం చోటు వదలండి. ఒకటి కాదు, రెండు గీతలు పడతాయి.

మొదటి భాగం ‘వాజ్’ 1859లో జరుగుతుంది, చదువుతుంటే నవ్వొస్తుంది. టర్ల్ పారిపోతాడు. పక్క తోటలో ఉన్న టెన్నీ అనే అమ్మాయి కోసం తరచూ చేసే పనే. బక్ గుర్రమెక్కి, కుక్కలను వదిలి, నక్కను తరిమినట్టు తరుముతాడు. చివరికి వ్యవహారం పేకాటలో తేలుతుంది. ఎవరి బానిసను ఎవరు కొనాలి, బ్రహ్మచారి బక్ పక్క తోట దొర చెల్లెలిని పెళ్లాడాలా వద్దా అన్నది ముక్కల మీద పందెం. మొదటిసారి చదివేటప్పుడు ఇది హాస్యకథ అనుకుని పేజీలు తిప్పేస్తాం. రెండు చోట్ల ఆగండి. టర్ల్‌ని ఊరికే ఇచ్చినా తన తోటలో ఉంచుకోనని పక్క దొర హ్యూబర్ట్ బీచమ్ అంటాడు, అతన్ని సగం మెకాస్లిన్ అని తిడుతూ. ఇంకో చోట, పేకాట చివర్లో, ఈ ముక్కలు పంచిందెవరని అడిగి హ్యూబర్ట్ దీపం చిమ్నీ మీది గొడుగును పక్కకు వంచుతాడు. వెలుగు పంచినవాడి చేతుల మీదుగా మొహం దాకా పాకుతుంది. నల్లగా ఉండాల్సిన ఆ చేతులు తెల్లవి కాకపోయినా నల్లవీ కావు. ముక్కలు పంచింది టర్ల్. హ్యూబర్ట్ మారు మాట్లాడకుండా ఆట వదిలేస్తాడు. అక్కడున్న పెద్దవాళ్లందరికీ తెలుసు, తొమ్మిదేళ్ల కాస్‌కి తప్ప. మనం చూసేది ఆ తొమ్మిదేళ్లవాడి కళ్లతో కాబట్టి మనకీ నవ్వే మిగులుతుంది. కుక్కలతో వేటాడింది సొంత తమ్ముడినని తెలిశాక మళ్లీ వెనక్కి వచ్చి చదివితే, అదే హాస్యం గొంతులో అడ్డం పడుతుంది. ఈ భాగాన్ని పుస్తకం మొదట్లో పెట్టడం ఫాక్నర్ వేసిన పన్నాగాల్లో చాలా గొప్పది.

ఇప్పుడు ‘ది బేర్’ నాలుగో విభాగం. కొన్న డబ్బులు ఇక్కడే రాబడతాయి, చదివేవాళ్లు పుస్తకం మూసేసేదీ ఇక్కడే. పేరాలు చిన్న అక్షరంతో మొదలవుతాయి, ఫుల్‌స్టాప్ లేకుండా ఆగిపోతాయి. వాక్యం పేజీలకు పేజీలు సాగుతుంది. ఐజాక్, కాస్ వాదించుకుంటూ ఉంటారు, మధ్యలో ఐదేళ్ల వెనక్కి వెళ్లి చిట్టా పద్దులు వస్తాయి. మొదటిసారి ఇటాలిక్ అక్షరాల్లో ఉన్న పద్దులను ఏరి కాగితం మీద తారీఖు వరసన రాసుకోండి. వాదన రెండోసారి చదవొచ్చు.

ఐజాక్‌కి పదహారేళ్లు. నడిరాత్రి, కాస్ నిద్రపోతుండగా, అతని గదిలోంచి తాళంచెవి తీసుకుని కొట్టులోకి వెళ్తాడు. లోపల్నుంచి గడియ పెట్టుకుని చిట్టాలు తెరుస్తాడు. యూనిస్ అనే బానిస పేరున పద్దు ఇదీ: 1807లో తండ్రి, అంటే ముసలి కరోథర్స్, న్యూ ఆర్లియన్స్‌లో 650 డాలర్లకు కొన్నాడు, 1809లో థూసిడస్ అనే బానిసతో పెళ్లి చేశాడు, 1832 క్రిస్మస్ నాడు వాగులో మునిగి పోయింది. ఖాతా అక్కడితో ముగియాలి. ఆర్నెల్ల తర్వాత, 1833 జూన్ 21న, తెరిచి ఒక్క ముక్క చేర్చారు: తనే మునిగింది. రెండు రోజులకు రెండో అన్నదమ్ముడి వెటకారం: బానిస తనంతట తాను మునగడం ఎక్కడన్నా విన్నామా అని. ఆగస్టు 13న మొదటివాడు మళ్లీ అదే మాట, ఒక్క అక్షరం మార్చకుండా: తనే మునిగింది. ఒకే కప్పు కింద బతుకుతున్న ఇద్దరన్నదమ్ములు నోటితో అనలేనిది పద్దుగా రాసుకున్నారు.

చచ్చిపోయిన మనిషి ఖాతా ఆర్నెల్లకు ఎందుకు తెరిచారు? జవాబు పక్క ఖాతాలో ఉంది. యూనిస్ కూతురు టోమీ, 1810లో పుట్టింది, 1833 జూన్‌లో కాన్పులో పోయింది. ఆ నెలలో పుట్టినవాడే టర్ల్. అతని పద్దులో తండ్రి గడిలో థూసిడస్ పేరే కనబడుతుంది, తల్లి గడిలో యూనిస్ తర్వాత టోమీ. వెనువెంటనే రెండు ముక్కలు: చుక్కలు రాలిన ఏడు, నాన్న వీలునామా. చుక్కలు రాలిన ఏడంటే దక్షిణాదిలో తరతరాలు గుర్తుపెట్టుకున్న 1833 నవంబరు నాటి లియొనిడ్ ఉల్కల వాన. వీలునామా అమల్లోకి వచ్చింది ముసలాయన పోయిన 1837లో. జూన్‌లో పుట్టిన బిడ్డ పద్దులో నవంబరు ముచ్చట, నాలుగేళ్ల తర్వాతి వీలునామా ఉన్నాయంటే, ఆ గీత తిన్నగా ఒక్కనాడు రాసింది కాదు. తర్వాత తీరిగ్గా కూర్చుని సర్దింది. జమాఖర్చులు చూసే అలవాటున్నవాళ్లకి ఇలాంటి చోటే అనుమానం తగులుతుంది. ఫాక్నర్ ఆ అనుమానాన్ని ఐజాక్‌కీ మనకీ ఒకేసారి అప్పగిస్తాడు.

వీలునామాలో టర్ల్‌కి వెయ్యి డాలర్లు రాశాడు ముసలి కరోథర్స్. బానిస పిల్లవాడికి అంత సొమ్ము ఎందుకు రాస్తాడు? అక్కడితో తండ్రెవరో తేలింది. అయినా యూనిస్ చావుకు అది చాలదు. యజమాని వల్ల బానిస పిల్ల గర్భవతి కావడం ఆ తోటల్లో ఎవరూ ఎరగనిది కాదు. ఐజాక్ వెనక్కి, 1807కి వెళ్తాడు. ఎక్కడికీ కదలని ముసలాయన న్యూ ఆర్లియన్స్ దాకా వెళ్లి 650 డాలర్లు పోసి యూనిస్‌ని కొని తెచ్చాడు, రెండేళ్లకు మరొకడికిచ్చి పెళ్లి చేశాడు, మరుసటేడు టోమీ పుట్టింది. టోమీ అతని కూతురే. కన్నకూతురితోనే బిడ్డను కన్నాడు. వావివరసలు పాటించే ఏ ఇంట్లోనూ ఈ చెట్టు నిలబడదు. తండ్రి వైపు చూస్తే టర్ల్ బక్, బడ్డీలకు తమ్ముడు, టోమీ వైపు చూస్తే మేనల్లుడు. మీ కాగితం మీద ఖాళీగా వదిలిన రెండు గీతలూ ఒకే పేరు దగ్గరికి వెళ్తాయి. కన్నవాడిని ‘నా కొడుకు’ అని పిలవడం కన్నా ఆ వెయ్యి డాలర్లు చౌక అని ఐజాక్ తేల్చుకుంటాడు. ఆ వెయ్యి కూడా ముసలాయన తన చేత్తో ఇవ్వలేదు, కొడుకుల నెత్తిన పెట్టి పోయాడు.

ఆ డబ్బు ప్రయాణం వెంబడి పోతే నవల ఎముకలన్నీ దొరుకుతాయి. టర్ల్ ముట్టుకోలేదు. కవలలు దాన్ని అతని ముగ్గురు పిల్లలకూ తలా వెయ్యి చేశారు. పెద్దవాడు జేమ్స్ 1885 డిసెంబరులో, ఇరవై ఒకటి నిండిన రాత్రే మాయమయ్యాడు. ఐజాక్ టెనెసీలోని జాక్సన్ దాకా వెతికి, డబ్బుతోనే తిరిగొచ్చాడు. ఫోన్సిబా పెళ్లి చేసుకుని ఆర్కాన్సా వెళ్లింది. తడిసిన పొలం, చలికి వణికే గుడిసె, అద్దాలు లేని కళ్లజోడు ఫ్రేము పెట్టుకుని పుస్తకం చదువుతున్న మొగుడు. ఎలా ఉన్నావని అడిగితే నేను స్వతంత్రురాలిని అంటుంది, ఇంకో మాట లేదు. ఐజాక్ ఆ వెయ్యినీ అక్కడి బ్యాంకులో వేసి నెలకు మూడు డాలర్ల చొప్పున అందేలా కట్టుదిట్టం చేస్తాడు. భాగహారం చేసి చూడండి: సుమారు 28 ఏళ్లు. కనీసం అన్నాళ్లు ఆకలితో చావదన్నమాట, అంతకు మించి ఆ డబ్బుతో అయ్యేదేమీ లేదు. లూకస్ ఒక్కడే 1895లో తన పుట్టినరోజున తానే వచ్చి, నా వాటా ఇవ్వమని అడిగి తీసుకున్నాడు. ముసలాయన పేరు లూషియస్ తనకు పెడితే దాన్ని లూకస్ అని దిద్దుకున్నవాడు కూడా అతనే. పేరు కాదనలేదు, మార్చి తనదిగా చేసుకున్నాడు.

అసలు ఆ అన్నదమ్ములకు కూడా పూర్తిగా కళ్లు మూసుకోవడం చేతకాలేదు. తండ్రి కట్టిస్తూ వదిలేసిన పెద్దింట్లో బానిసలను ఉంచి, తాము చెక్క గుడిసెలో ఉన్నారు. ప్రతి సాయంత్రం బానిసలను లెక్కపెట్టి ఇంట్లోకి పంపి ముందు తలుపుకు మేకు కొట్టేవారు. వెనకవైపు ఎవరు ఎటు పోతున్నారో చూసేవారు కాదు. పొద్దున తలుపు తీసేసరికి అందరూ లోపల ఉంటే చాలని రెండువైపులా ఒప్పందం. మెకాస్లిన్ల ఇంటిగుట్టు నడిచే పద్ధతి మొత్తం ఈ తలుపు దగ్గరే అర్థమవుతుంది. చిట్టాలో పెర్సివల్ బ్రౌన్లీ అనే బానిస మీద బక్, బడ్డీల పేచీ కూడా ఉంది. 1856లో 265 డాలర్లకు గుమాస్తా అని కొన్నారు, చదవడమే రాదు. ఆ పద్దులు నవ్వు కోసమే అనిపించినా దాటేయకండి. వాటి వెనక ఇంకో గుట్టుందని వాదించే విమర్శకులున్నారు.

గుట్టు తరం నుంచి తరానికి ఎలా దిగుతుందో చూపించే దృశ్యం ‘ది ఫైర్ అండ్ ది హార్త్’లో ఉంది. రాత్ ఎడ్మండ్స్ పుట్టగానే తల్లి పోతే, లూకస్ భార్య మాలీ పాలిచ్చి పెంచింది. తన కొడుకు హెన్రీ, రాత్ ఒకే కంచంలో తిని ఒకే పక్కలో పడుకున్నారు. ఏడేళ్ల వయసులో ఒక రాత్రి రాత్ మంచమెక్కి హెన్రీని కింద పడుకోమంటాడు. ఎవరూ నేర్పలేదు, ఇంట్లో గాలికే వచ్చింది. హెన్రీ మారు మాట్లాడకుండా కింద పడుకుంటాడు, రాత్‌కి నిద్రపట్టదు. కొన్నాళ్లకు మనసాగక మాలీ ఇంటికి భోజనానికి వెళ్తాడు. బల్ల మీద ఒక్క కంచమే వడ్డించి ఉంటుంది. నాతో తినడానికి సిగ్గా అని అడిగితే, నాకెవరన్నా సిగ్గు లేదు, నేనన్నా లేదు అని హెన్రీ వెళ్లిపోతాడు. పోయినదేమిటో రాత్‌కి అప్పుడు తెలుస్తుంది, తిరిగి అడిగే దారి ఉండదు. చిట్టాల పరిశోధన అంతా ఒకెత్తు, ఈ రెండు పేజీలూ ఒకెత్తు.

‘డెల్టా ఆటమ్’లో రాత్ నడివయసువాడు. వేట గుడారంలో ఐజాక్‌కి ఒక కవరు ఇచ్చి, ఒక మనిషి వస్తే ఇవ్వమని చెప్పి పోతాడు. కవరులో డబ్బు. వచ్చినామె చేతిలో పసిబిడ్డ. ఆమె 1885లో మాయమైన జేమ్స్‌కి మనవరాలు. ఆమెకు రాత్ ఎవరో తెలుసు. రాత్‌కి ఆమె ఎవరో తెలియదు. నూరేళ్ల తర్వాత అదే రక్తం, అదే తప్పు, మళ్లీ డబ్బుతోనే సమాధానం. ఇరవై ఒకటో ఏట ఆస్తంతా వదులుకుని వడ్రంగి పనితో బతికిన ఐజాక్, ఈ ఇంటి పాపం నాతో ఆగింది అనుకున్న ఐజాక్, ఆమెకిచ్చిన సలహా ఉత్తరాదికి వెళ్లి నీ జాతివాణ్ని పెళ్లాడమని. అదే తాత మాట, మెత్తగా చెప్పాడు. ప్రేమంటే ఏమిటో మరిచిపోయావా పెద్దాయనా అని ఆమె అడిగిన దానికి అతని దగ్గర జవాబు లేదు. ఐజాక్‌ని మహాత్ముడిగా చూపే వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి. ఈ భాగం చదివాక అవి నిలబడవని నా అభిప్రాయం.

లోపాలు లేవని కాదు. మూడో భాగం ‘పాంటలూన్ ఇన్ బ్లాక్’లో రైడర్ ఈ వంశంలోవాడు కాదు, ఎడ్మండ్స్ తోటలో గుడిసె అద్దెకు తీసుకున్న మనిషి. కథగా దుఃఖం మీద అంత బలమైనది తక్కువ, కానీ మీ కాగితం మీద అతనికి చోటు వెతకకండి. ఐజాక్, కాస్ దేవుడి సంకల్పం గురించి, అంతర్యుద్ధం గురించి చేసే వాదన మధ్యలో నీరసిస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోటు ఆడవాళ్లది. యూనిస్ నోటి నుంచి ఒక్క మాట రాదు. బిడ్డతో వచ్చినామెకు పేరే పెట్టలేదు, ఐజాక్ భార్యకూ లేదు. రాసినవాడి కాలానికి, జాతికి ఉన్న హద్దులు ఇక్కడ స్పష్టంగా కనబడతాయి. జాతి తిట్లు ప్రతి భాగంలోనూ దండిగా ఉన్నాయి. నల్లవాళ్ల యాసను ఫాక్నర్ ఉచ్చారణ ప్రకారం రాస్తాడు, నోరు కదుపుతూ మెల్లగా చదివితేనే అర్థమవుతుంది.

చివరి భాగం చిన్నది, 1940లో జరుగుతుంది. మాలీ మనవడికి హత్య కేసులో ఇల్లినాయ్‌లో మరణశిక్ష పడుతుంది. లాయరు గావిన్ స్టీవెన్స్ శవాన్ని ఊరికి తెప్పించడానికి చందాలు పోగేస్తాడు. మళ్లీ డబ్బే. రాత్ ఎడ్మండ్స్ నా బిడ్డను ఫరోకు (బైబిల్లో యూదులను బానిసలుగా పెట్టుకున్న ఈజిప్టు రాజు) అమ్మేశాడని ముసలమ్మ పాటలా మొత్తుకుంటుంది. చదవడం రాని ఆమె తర్వాత అడిగేది ఒక్కటే: ఇదంతా పేపర్లో వేయాలి, ఏదీ వదలకుండా. నూరేళ్లు పద్దుల్లో నలిగిన ఇంటి సంగతి అచ్చులో రావాలని ఈ పుస్తకంలో కోరింది ఆమె ఒక్కతే.

ఫాక్నర్‌ని ఎన్నడూ ముట్టనివాళ్లు నేరుగా దీనితో మొదలెట్టొచ్చు, ‘అబ్సలోం, అబ్సలోం!’ కన్నా ఇది తేలిక. వరసన చదవండి, ‘ది బేర్’ నాలుగో విభాగాన్ని మాత్రం రెండు విడతలుగా తీసుకోండి: మొదట పద్దులు, తర్వాత వాదన. అయిపోయాక ‘వాజ్’ మళ్లీ చదవాలి, అదెంత, ముప్ఫై పేజీల లోపే. వేటకథల కోసం మాత్రమే అయితే ‘బిగ్ వుడ్స్’ చాలు, ఇది కొనక్కర్లేదు.